ఆపినవి 1,800 బాంబులు... ఇచ్చినవి 14 వేలు!

ఇజ్రాయెల్‌కు పంపకుండా రెండు నెలలుగా ఆపిన 500 పౌండ్ల బాంబులను అమెరికా 2024 జూలై రెండో వారంలో వదిలేసింది. 2,000 పౌండ్లవి మాత్రం అప్పటికి ఇవ్వలేదు. దీంతో మే నుంచి బైడెన్, నెతన్యాహు మధ్య నడిచిన రభస సగం చల్లారినట్టయింది. ఆ రభస అసలు ఎంత సరుకు గురించి అన్నదే చూడాల్సిన విషయం.

మే మొదట్లో ఇజ్రాయెల్ సేనలు రఫా మీదికి కదలబోతున్న సమయంలో అమెరికా ఒక షిప్‌మెంట్‌ను నిలిపేసింది. అందులో 2,000 పౌండ్ల బాంబులు 1,800, 500 పౌండ్లవి 1,700. రెండు వేల పౌండ్లంటే దాదాపు 900 కిలోలు. అలాంటిది ఒక్కటి పడితే పోయేది ఒక ఇల్లు కాదు, చుట్టుపక్కల ఇళ్లన్నీ. అప్పటికి రఫాలో పది లక్షల మందికి పైగా తలదాచుకుంటున్నారు. ఉత్తరాన ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి డేరాలేసుకున్న వాళ్లే అందులో ఎక్కువ. ఈ బాంబుల వల్ల గాజాలో సామాన్య జనం చనిపోయారని మే 8న సీఎన్ఎన్ ఇంటర్వ్యూలో బైడెన్ ఒప్పుకున్నారు. యుద్ధం మొదలైన ఏడు నెలలకు వచ్చింది ఆ మాట.

ఆ మాత్రానికే వాషింగ్టన్‌లో గగ్గోలు పుట్టింది. ఆయుధాలు ఆపకూడదంటూ మే 16న ప్రతినిధుల సభ 224-187 ఓట్లతో బిల్లు పాస్ చేసింది. మన దగ్గర బక్రీద్ మర్నాడు, అంటే జూన్ 18న, నెతన్యాహు ఇంగ్లిష్‌లో ఒక వీడియో వదిలారు. కొన్ని నెలలుగా అమెరికా ఆయుధాలు తొక్కిపెడుతోందన్నది ఆయన ఆరోపణ. ఆయన దేని గురించి మాట్లాడుతున్నారో తమకు తెలియడం లేదని, ఆగింది ఒక్క షిప్‌మెంటేనని వైట్ హౌస్ జవాబిచ్చింది. తర్వాత అప్పటి రక్షణ మంత్రి గాలంట్ వాషింగ్టన్ వెళ్లి సర్దుబాటు మాటలు మాట్లాడి వచ్చారు.

ఇద్దరి అవసరాలూ ఇంట్లోవే. మిషిగన్ ప్రైమరీలో ఫిబ్రవరిలో లక్ష మందికి పైగా డెమోక్రాట్ ఓటర్లు బైడెన్‌కు ఓటేయకుండా 'అన్‌కమిటెడ్' అని గుర్తు పెట్టారు. అక్కడ అరబ్, ముస్లిం ఓట్లు గట్టిగానే ఉన్నాయి. అటు గాంట్జ్ తప్పుకున్నాక నెతన్యాహు యుద్ధ క్యాబినెట్‌నే రద్దు చేసుకున్నారు. వీడియోకు ముందు రోజే ఆ వార్త బయటికొచ్చింది. మాట వినే వాళ్లు తగ్గినప్పుడు తప్పు పక్కవాడి మీదికి నెట్టడం రాజకీయాల్లో కొత్తేమీ కాదు.

ఇక లెక్క. అక్టోబర్ నుంచి జూన్ చివరి దాకా అమెరికా ఇజ్రాయెల్‌కు కనీసం 14,000 రెండు వేల పౌండ్ల బాంబులు పంపిందని, అధికారులను ఉటంకిస్తూ రాయిటర్స్ రాసింది. వాటి పక్కన ఆపిన 1,800 ఏపాటి? 2016 ఒప్పందం ప్రకారం ఏటా అందే 380 కోట్ల డాలర్లు ఆగలేదు. ఏప్రిల్‌లో బైడెన్ సంతకం చేసిన అదనపు సాయం చట్టమూ అప్పుడు అలాగే ఉంది. 1982 లెబనాన్ యుద్ధంలో జనావాసాల్లో వాడారని రీగన్ ఇజ్రాయెల్‌కు క్లస్టర్ బాంబులు ఆపితే, అది ఏళ్ల తరబడి సాగింది. ఆపాలనుకుంటే ఎలా ఆపుతారో అమెరికాకు తెలియనిది కాదు.

రఫా మీద దాడి ఆగలేదు. అక్కడి జనం మళ్లీ డేరాలు పీక్కుని అల్ మవాసీకి పోయారు. అది సురక్షిత ప్రాంతమని ఇజ్రాయెలే చెప్పింది. జూలై 13న అక్కడా బాంబులు పడ్డాయి. హమాస్ కమాండర్ మహమ్మద్ దైఫ్ కోసమేనని ఇజ్రాయెల్ అంది. కనీసం 90 మంది చనిపోయారని గాజా ఆరోగ్య శాఖ లెక్క. అదే నెల 24న నెతన్యాహు అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించారు.