సివిల్ చదివే అక్క, స్టాటిస్టిక్స్ తరగతి

మా అక్క సివిల్ ఇంజనీరింగ్‌లో ఎం.ఎస్. చేయడానికి అమెరికా వెళ్లింది. మొదటి సెమిస్టరు ఫీజు బ్యాంకు అప్పుతో కట్టాం. రెండో సెమిస్టరుకి తన విభాగంలో టీచింగ్ అసిస్టెంట్ ఖాళీలు లేవన్నారు. స్టాటిస్టిక్స్ విభాగంలో ఒకటి ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది, వచ్చింది. వారానికి 20 గంటల పని. డిగ్రీ మొదటి సంవత్సరం వాళ్లకు లెక్కలు చేయించాలి, పేపర్లు దిద్దాలి. బదులుగా ట్యూషన్ ఫీజు మాఫీ, నెలనెలా కొంత భత్యం.

"సివిల్ చదివే పిల్లకి ఆ గోల ఎందుకు? దాని చదువు ఏం కాను?" అంది అమ్మ. నాన్నగారు అప్పు లెక్క వేసుకుని ఊరుకున్నారు. యానాం నుంచి తాతయ్య మాత్రం ఫోన్‌లో వేరే ప్రశ్న అడిగారు: "దీనికి సరిగా రాని పాఠం ఇది చెబితే ఆ పిల్లలు ఏమైపోతారమ్మా?" ఆయన రిటైరైన మాస్టారు. ఆ తరగతిలో కూర్చునే వాళ్లు మా ఎవ్వరికీ గుర్తు రాలేదు.

నాకైతే సెప్టెంబరు 5 గుర్తొచ్చింది. ఆ రోజు పన్నెండో తరగతి వాళ్లం చిన్న క్లాసులకు పాఠాలు చెబుతాం కదా. సైన్సు విద్యార్థినైన నాకు ఏడో తరగతి సోషల్ వచ్చింది. ఒక పాప లేచి, "అక్కా, మన పుదుచ్చేరికి నవంబరు 1న పండుగ చేస్తారు, ఆగస్టు 16న కూడా చేస్తారు. ఇండియాలో కలిసింది ఎప్పుడు?" అని అడిగింది. నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "రేపు చెబుతాను" అన్నాను. ఆ రాత్రి చదివితే తెలిసింది: 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలన అప్పగించారు, చట్టప్రకారం విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. యానాంలో పుట్టి ఇక్కడ పెరిగిన నాకు ఇన్నాళ్లూ ఇది తెలియకపోవడం సిగ్గుచేటే! సోషల్ మేడమ్ అయితే అక్కడికక్కడే చెప్పేవారు. కానీ ఆ పాప ఎక్కడ తికమకపడిందో నాకు బాగా తెలుసు, నిన్నటిదాకా నేనూ అక్కడే ఉన్నాను.

అందుకే అక్క ఆ పని ఒప్పుకోవడం తప్పు కాదంటాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది మానవశాస్త్ర మ్యూజియంలో పని మీద. సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడం ఆ పని. అది చేస్తూనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధించి 1948లో పిహెచ్.డి. పొందారు. అయితే ఈ పోలిక పూర్తిగా కుదరదు. ఆయన ఎముకల పాఠం చెప్పలేదు, ఎముకల మీద తన గణాంకశాస్త్రాన్ని వాడారు. అక్కకు బీటెక్‌లో ప్రాబబిలిటీ ఒక్క పేపరు ఉండేది, అంతే.

తాతయ్య ప్రశ్నను కొట్టిపారేయలేం. ఫీజు అవసరం ఉందని ఎవరికి పడితే వారికి తరగతి అప్పగించకూడదు. ఒక సారు సెలవు పెడితే వేరే సబ్జెక్టు సారు వచ్చే పీరియడ్‌లో ఎంత చదువు జరుగుతుందో మనకు తెలియనిదా! చెప్పబోయే పాఠం ముందుగా నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకే ఇవ్వాలి, నేర్చుకునే సమయం ఆ విభాగమూ ఇవ్వాలి.

అక్క ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం, అంటే వాళ్లకు పొద్దున, వీడియో కాల్‌లో ఆ వారం పాఠం ముందు నాకు చెబుతుంది. బేయస్ సిద్ధాంతం నాకు మూడోసారికి గానీ ఎక్కలేదు. ప్రతిసారీ ఉదాహరణ మార్చింది. పోయిన ఆదివారం తాతయ్య కూడా మా ఇంట్లోనే ఉన్నారు. అంతా విని, "నీ క్లాసులో ఎంతమంది?" అన్నారు.

"ఇరవై నలుగురు తాతయ్యా."

"పేర్లు వచ్చాయా?"

"పది మందివి వచ్చాయి."

"మిగతావి కూడా నేర్చుకో" అని ఆయన కాఫీ అందుకున్నారు.