మడమ రక్తపు చుక్క: ‘పాజిటివ్’ అంటే జబ్బు ఖాయమైనట్టేనా?

బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద సన్నగా సూది గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి ల్యాబుకు పంపుతారు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, గెలాక్టోసీమియా లాంటి జబ్బులను లక్షణాలు బయటపడక ముందే పసిగట్టే పరీక్ష ఇది. ఇంట్లో అఖీఖా ఏర్పాట్లు జరుగుతుండగా ‘పాజిటివ్’ అని ఫోనొస్తే అమ్మీ, దాదీ, నానీ అందరికీ గుండె జారిపోతుంది.

లెక్క చూస్తే కొంత ధైర్యం వస్తుంది. హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో థైరాయిడ్ లోపం సుమారు 1,700 మందిలో ఒకరికి కనిపించింది. ఆ లెక్కన 17,000 మందిలో అసలు రోగులు 10 మంది. పరీక్ష నూటికి ఒక్కరిని పొరపాటుగా పట్టిందనుకుందాం. మరో 170 మంది ఆరోగ్యవంతులూ జాబితాలో చేరతారు. అంటే ఫోనొచ్చిన 180 ఇళ్లలో జబ్బు ఉన్నది 10 ఇళ్లలోనే. ఒక్క అసలు కేసూ తప్పిపోకూడదని వలను కావాలనే చిన్న కన్నాలతో అల్లుతారు మరి.

పొరపాట్లకు కారణాలున్నాయి. మొదటి 24 గంటల్లో థైరాయిడ్‌ను నడిపే హార్మోన్ సహజంగానే పెరుగుతుంది. తొందరగా డిశ్చార్జి చేస్తూ అప్పుడే రక్తం తీస్తే తప్పుడు పాజిటివ్ రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అడ్రినల్ పరీక్షదీ ఇదే కథ. ఇక గెలాక్టోసీమియా పరీక్షలో చూసే ఎంజైము వేడికి, ఉక్కకు పాడవుతుంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్న పల్నాడులో శాంపిల్‌ను ఎలా దాచారు, ఎన్ని రోజులకు పంపారు అన్నది చిన్న విషయం కాదు.

అలాగని రిపోర్టును పక్కన పడేయకూడదు. ‘పిల్లాడు బాగానే పాలు తాగుతున్నాడు కదా’ అని రెండో పరీక్షకు వెళ్లకపోవడం పెద్ద ప్రమాదం. థైరాయిడ్ లోపానికి రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే బిడ్డ మామూలుగా ఎదుగుతుంది. ఆలస్యమైతే బుద్ధి వికాసానికి జరిగే నష్టం పూడదు. తల్లిపాలు ఆపాలా వద్దా అన్నది కూడా డాక్టరే చెప్పాలి, ఇరుగుపొరుగు కాదు.

కోడలిని నిందించడం మరో అన్యాయం. ఇలాంటి జబ్బుల్లో చాలావాటికి అమ్మ, నాన్న ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు రావాలి. మామూ, ఖాలా పిల్లల మధ్య పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఆ అవకాశం ఎక్కువ. అలాంటి కుటుంబాలు ఈ సంగతిని డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

గోవా 2008లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు మొదలుపెట్టింది. ఇక్కడ విస్తరించాలంటే సూది, కాగితం ఉంటే చాలదు. మాచర్ల, గురజాల కూలి కుటుంబం గుంటూరు వెళ్లి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, పైన బస్సు చార్జీలు. రెండో పరీక్ష నరసరావుపేటలోనే, ఉచితంగా, రెండు మూడు రోజుల్లో అందాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఇంట్లో భయం మిగులుతుంది, జబ్బున్న బిడ్డకు మందు అందదు.