వాల్కిరీస్ రెండో ఏడు

ఈసారి వాల్కిరీస్ జట్టులోకి ఏ పెద్ద స్టార్ వస్తుంది? ఇక్కడ బే ఏరియాలో ఆ ఆట చూసే నలుగురు ఆడవాళ్ళం కలిస్తే ఇదే మాట. నా మటుకు నాకు ఏ స్టారూ రానక్కర్లేదు. ఉన్నవాళ్ళు ఉంటే చాలు. వాళ్ళకి ఇవ్వాల్సింది ఇస్తే ఇంకా సంతోషం.

బాస్కెట్‌బాల్ గొడవ మనకెందుకు అనుకునే స్నేహితుల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడే మహిళల ప్రొఫెషనల్ జట్టు. అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2025లోనే ఆడటం మొదలుపెట్టింది. వాల్కిరీలంటే ఉత్తర ఐరోపా పురాణాల్లో యుద్ధభూమి మీదికి వచ్చి, పడిపోయిన వీరుల్లో ఎవరిని తీసుకెళ్ళాలో ఎంచే కన్యలు. మన వీరస్వర్గంలో రంభాదులు ఎదురొచ్చి స్వాగతం చెప్తారు కదా, వీళ్ళు అంతటితో ఆగరు, ఎంపిక కూడా వాళ్ళదే! జట్టుది వంగపువ్వు రంగు. ఆట రోజున బార్ట్ రైలెక్కితే పెట్టె నిండా ఆ రంగు చొక్కాలే. అందరం ఒకే పేరంటానికి వెళ్తున్నట్టుంటుంది.

కొత్త జట్టుకి మనుషులు ఎలా వస్తారో తెలిస్తే మీకు వేరు కాపురం గుర్తొస్తుంది. అప్పటికున్న 12 జట్లూ తలా ఆరుగురిని, వీళ్ళని ముట్టుకోవద్దని దాచుకోవచ్చు. మిగిలినవాళ్ళలోంచి జట్టుకి ఒక్కరికి మించకుండా ఏరుకోవాలి. అత్తగారు ఇత్తడి గుండిగలూ వెండి కంచాలూ లోపల పెట్టి తాళం వేసి, అటక మీద సామాన్లలో నీకు కావలసింది తీసుకో అమ్మా అన్నట్టన్నమాట. 2024 డిసెంబరులో వాల్కిరీస్ అలా 11 మందిని తెచ్చుకుంది.

ఆ అటక మీది సామానులో ఎవరున్నారో చూడండి. వెరోనికా బర్టన్. డల్లాస్ జట్టు వదిలేసుకుంటే కనెక్టికట్ తీసుకుంది, వాళ్ళూ దాచుకోలేదు. అంతకు ముందు ఏడాది ఆటకి సగటున మూడు పాయింట్లు చేసిన ఆ అమ్మాయి ఇక్కడికొచ్చి దాదాపు 12 చేసింది, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన క్రీడాకారిణి అవార్డు తెచ్చుకుంది. ఇంకొకరు కేలా థార్న్‌టన్. 2014లో కాలేజీ అయ్యాక డ్రాఫ్టులో ఆమెని ఏ జట్టూ ఎంచుకోలేదు. తన కష్టంతో లీగ్‌లోకి వచ్చి, 32 ఏళ్ళ వయసులో ఇక్కడ మొదటిసారి ఆల్‌స్టార్ అయింది. అయిన కొద్ది రోజులకే ప్రాక్టీసులో మోకాలికి దెబ్బ తగిలి ఆ ఏటికి ఆట ముగిసింది. ఆ రోజు మా ఇంట్లో వంట కూడా చప్పగానే కుదిరింది.

వీళ్ళని నడిపించిన కోచ్ నటాలీ నకాసే. ఒకప్పుడు జపాన్‌లో మగవాళ్ళ జట్టుకి హెడ్ కోచ్‌గా చేసిన మనిషి. 44 ఆటల్లో 23 గెలిచారు. కొత్త జట్టు మొదటి ఏడాదే ప్లేఆఫ్స్‌కి వెళ్ళడం ఈ లీగ్‌లో అదే మొదలు. ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు నకాసేకి ఇచ్చారు. చేజ్ సెంటర్‌లో ఆడిన 22 ఆటలకీ 18,064 సీట్లూ నిండాయి. ప్లేఆఫ్స్‌లో మాత్రం మిన్నెసోటా మీద మొదటి ఆట ఘోరంగా పోయింది. రెండోది మా ఊళ్ళో ఆడాలి, కానీ చేజ్ సెంటర్ అప్పటికే ఒక టెన్నిస్ పోటీకి ఇచ్చేశారు. సొంతింట్లో పెళ్ళికి చోటు లేక పక్కూరి సత్రానికి వెళ్ళినట్టు శాన్ హొసేకి వెళ్ళి, 17 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకుని, 75-74తో ఓడిపోయారు. ఒక్క పాయింటు!

ఇక 2026 మాటకొస్తే, ఇన్ని గెలుపులు మళ్ళీ వస్తాయని నాకు నమ్మకం లేదు. కొత్త కోడలి వంటని మొదటి నెలంతా మెచ్చుకుంటారు, తర్వాతే ఉప్పు చూస్తారు. పోయినేడు వీళ్ళెవరో తెలియకుండానే ఆడిన జట్లు ఈసారి బర్టన్‌ని ఎలా ఆపాలో చదువుకుని వస్తాయి. పొడవైనవాళ్ళున్న జట్ల ముందు బుట్ట దగ్గర మనవాళ్ళు తేలిపోవడం అందరూ చూశారు. టొరంటో, పోర్ట్‌లాండ్ అని మరో రెండు కొత్త జట్లు వస్తున్నాయి, వాటికీ మనుషులు కావాలి. నా లెక్క 20 గెలుపులు. మావారు 26 అంటున్నారు, ఆయనకి పొయ్యి మీద పాలు కూడా పొంగవనే నమ్మకం.

అసలు ఆట మొదలైతేనే కదా ఇదంతా! యాజమాన్యాలకీ క్రీడాకారిణులకీ మధ్య పాత ఒప్పందం అయిపోయింది. గడువు రెండుసార్లు పొడిగించారు, 2026 జనవరి 9తో అదీ దాటిపోయింది. సమ్మెకి పిలుపివ్వడానికి అనుమతిస్తూ క్రీడాకారిణుల్లో ఓటేసినవాళ్ళు 98 శాతం సరేనన్నారు. కొత్తగా చేరిన పిల్లల్ని పక్కన పెడితే అప్పటికి దాదాపు లీగ్ అంతా కాంట్రాక్టు ముగిసినవాళ్ళే. అంటే మన జట్టులో ఎవరుంటారో అప్పటికి ఎవరికీ తెలియదు.

2025లో ఈ లీగ్‌లో కనీస జీతం ఏడాదికి 66,079 డాలర్లు, అత్యధికం 249,244. అదే చేజ్ సెంటర్‌లో ఆడే వారియర్స్ మగవాళ్ళ లీగ్‌లో కొత్త కుర్రాడి కనీస జీతమే 12 లక్షల డాలర్ల పైమాట. మగవాళ్ళ లీగ్ సంపాదన చాలా పెద్దది, ఆటలూ ఎక్కువ, అది నిజమే. వీళ్ళడిగేదీ వాళ్ళతో సమానంగా ఇమ్మని కాదు. అక్కడ ఆదాయంలో సుమారు సగం ఆటగాళ్ళకి వెళ్తుంది. మా ఆదాయంలో మాకూ సరైన వాటా ఇవ్వండి అంటున్నారు. 2026 నుంచి 11 ఏళ్ళకి టీవీ వాళ్ళు ఈ లీగ్‌కి 220 కోట్ల డాలర్లు ఇస్తున్నారు కాబట్టి, పెట్టెలో డబ్బు లేదనే మాట చెల్లదు. పైగా అప్పటిదాకా జట్లే ఇస్తూ వచ్చిన ఇంటి వసతి తీసేయాలని యాజమాన్యాల ప్రతిపాదనలో ఉందని వార్త చదివాను. ఈ ఊళ్ళో అద్దెలు తెలిసినదాన్ని, నాకు ఒళ్ళు మండింది.

మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒకాయన, ఇష్టమైన ఆట ఆడుకుంటున్నారు, మళ్ళీ డబ్బు గొడవేమిటండీ అన్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. నీ ఇల్లేగా, నీ పిల్లలేగా, ప్రేమతో చేసుకునేదానికి లెక్కలేమిటి అని మనకి చెప్పే మాటకి ఇది తోబుట్టువు. ఇష్టంగా చేస్తే కూలి అడగకూడదన్న నియమం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇష్టపడి చేసే మగవాడికి ఎవరైనా చెప్పారా? ఆయన్నే అడిగాను. నవ్వి ఇంకాస్త నెయ్యి వేయించుకున్నారు. మా అమ్మాయి మాత్రం తినడం ఆపి నా వైపు చూసింది. స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది లెండి.

అందుకే స్టార్లు కావాలన్న కోరిక నాకు రుచించదు. ఒక్క పెద్ద పేరుకి సొమ్మంతా పోస్తే, వదిలేసినవాళ్ళని ఏరుకుని నిలబడిన ఈ జట్టు మళ్ళీ వాళ్ళనే వదిలేయాలి. బర్టన్ ఉండాలి. థార్న్‌టన్ మోకాలు కుదుటపడి మళ్ళీ దిగాలి. డబ్బు మిగిలితే బుట్ట దగ్గర నిలబడేందుకు ఒక పొడగరిని తెచ్చుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

సమ్మె వస్తే నేను వాళ్ళ వైపే, మొదటి నెల ఆటలు పోయినా సరే. పోయినేడులాగే మాకు పై అంతస్తు సీట్లే, ఇద్దరికి. ఆ డబ్బు మాత్రం పక్కన తీసి ఉంచాను. మావారు సోఫా మార్చాలంటున్నారు, ఒప్పందం తేలేదాకా పాతదాని మీదే కూర్చోమన్నాను.