85 కొన్నారు సరే... చేతులెలా తీస్తారు?

కొత్తగా 85 ఎంఎం లెన్స్ కొన్న కుర్రాళ్ల దగ్గర నేను తరచూ వినే మాట ఒకటుంది. 'మొహాలు అదిరిపోతున్నాయన్నా. కానీ కాస్త దగ్గరకెళ్తే ఫోకస్ పట్టట్లేదు. లెన్స్ పోయిందంటావా?'

పోలేదు. దాని తయారీయే అంత. కానన్ ఈఎఫ్ 85 ఎంఎం ఎఫ్/1.8 అయితే 85 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. నికాన్, సోనీల 85 ఎఫ్/1.8 లెన్సులు 80 సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి. అంతకంటే ముందుకెళ్తే మసకే.

'పోర్ట్రెయిట్ తీయడానికి అంత దగ్గరకెళ్లే పనేంటి?' అంటారేమో. మొహం వరకైతే నిజంగానే పనిలేదు. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కెమెరా పట్టుకుని తిరిగి చూడండి. మనిషి కథలో సగం చేతుల్లోనే కనిపిస్తుంది.

పొందూరునే తీసుకోండి. అక్కడ సన్న ఖాదీ కోసం దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకుండే సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి, చెత్త తీసేసి, పోగుల్ని ఒక దారికి తెస్తాయి. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లు. కొత్తగా నేర్చుకునే అమ్మాయిలు తక్కువ. అంటే ఇవాళ మనం తీసే ఫొటో రేపటికి ఒక రికార్డు. అందులో అమ్మమ్మ నవ్వు ఉండి, ఆ దవడ పళ్ల మధ్య దూది ఎలా కదులుతుందో లేకపోతే అది సగం రికార్డే. నేను వంగి తీస్తుంటే ఒకావిడ, 'ఏటి బాబూ, మొకం తీత్తావనుకుంటే సేతులే తీత్తన్నావు?' అని నవ్వేసింది. రెండూ తీయాలి మరి!

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలోనూ ఇంతే. పనస కొయ్యను తొలిచి వీణ చేసే మనిషిని దూరం నుంచి తీస్తే ఒక వడ్రంగి కనిపిస్తాడు. మైనం మీద మెట్లు నిలబెట్టి, శ్రుతి వింటూ ఒక్కో మెట్టునీ సర్దే వేలికొనను తీస్తేనే వీణ చేసేవాడని తెలుస్తుంది. వీణకి మెట్లు 24. వాటి మధ్య ఉండే జాగా ఎంతని!

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకైతే చెప్పక్కర్లేదు. జీలకర్ర బెల్లం, మెట్టెలు, పారాణి, తాళిబొట్టు... ఆల్బమ్‌లో ఇవి లేకపోతే అమ్మాయి తరఫువాళ్లు ఊరుకోరు.

ఒక్క భాగహారం చాలు

లెన్స్ కొనేటప్పుడు అందరూ చూసేది ఎఫ్/1.8, ఎఫ్/1.4 అనే అంకె. దాని కింద స్పెసిఫికేషన్లలో ఇంకో రెండు ఉంటాయి. ఒకటి మినిమమ్ ఫోకస్ డిస్టెన్స్, రెండోది మ్యాగ్జిమమ్ మ్యాగ్నిఫికేషన్. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. దాన్ని మ్యాగ్నిఫికేషన్‌తో భాగిస్తే, ఆ లెన్స్ ఫ్రేమ్ నిండా తీయగలిగిన అతి చిన్న వస్తువు వెడల్పు వచ్చేస్తుంది. 85 ఎఫ్/1.8 లెన్సులకి ఇది సుమారు 0.13. అంటే 36ని 0.13తో భాగిస్తే దాదాపు 28 సెంటీమీటర్లు. మొహం, జుట్టు కలిపి చక్కగా సరిపోతాయి. మెట్టె మాత్రం ఫ్రేమ్‌లో చుక్కలా ఉంటుంది.

మ్యాగ్నిఫికేషన్ 0.5 అయితే 7 సెంటీమీటర్లు. జుంకీ, చేప దవడ, వీణ మెట్లు దగ్గరవుతాయి. 1 అయితే 3.6 సెంటీమీటర్లు. ఉంగరంలో రాయి కూడా పెద్దగా పడుతుంది.

మీది క్రాప్ సెన్సర్ అయితే 36 బదులు కానన్‌కి 22, నికాన్, సోనీలకి 23.5 వేసుకోండి. ఇక్కడే ఒక శుభవార్త. చాలామంది దగ్గర ఉండే కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం 35 సెంటీమీటర్ల వరకు దగ్గరకొస్తుంది, మ్యాగ్నిఫికేషన్ 0.21. క్రాప్ బాడీ మీద అది పది, పదకొండు సెంటీమీటర్ల వెడల్పును ఫ్రేమ్ నిండా తీస్తుంది. గోరింటాకు పెట్టిన అరచేయి వచ్చేసినట్టే. అది మీ బ్యాగులో ఉంటే, కొత్తది కొనే ముందు దాన్ని పూర్తిగా వాడి చూడండి.

ఇంకో మాట. మినిమమ్ ఫోకస్ డిస్టెన్స్‌ని కొలిచేది సెన్సర్ నుంచి. లెన్స్ మూతి నుంచి అనుకోవద్దు. కెమెరా పైన చిన్న సున్నా, దాని మధ్యలో గీత ఉన్న గుర్తు కనిపిస్తుంది, కొలత అక్కడ మొదలు. అందుకే 30 సెంటీమీటర్లు అని రాసిన మాక్రో లెన్స్‌తో చివరిదాకా వెళ్తే, లెన్స్ మూతికీ వస్తువుకీ మధ్య మిగిలేది జానెడు కంటే తక్కువే. మీ నీడే దాని మీద పడొచ్చు.

మొహానికి మాత్రం వెనక్కి జరగండి

దగ్గరగా ఫోకస్ అవుతుంది కదా అని మొహం మీదకి వెళ్లిపోకండి. అర మీటరు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఇది లెన్స్ లోపం అనుకోవద్దు, దూరం వల్ల వచ్చే తేడా. మీటరున్నర, రెండు మీటర్ల నుంచి తీస్తే మొహం మన కంటికి అలవాటైనట్టు ఉంటుంది. దగ్గర ఫోకస్‌ని చేతులకి, నగలకి, పనిముట్లకి దాచుకోండి.

ముందున్న దారులు

మొదటిది, 90 నుంచి 105 ఎంఎం మాక్రో. సోనీ 90 ఎఫ్/2.8, టామ్రాన్ 90 ఎఫ్/2.8, కానన్ 100 ఎఫ్/2.8, నికాన్ జెడ్ 105 ఎఫ్/2.8, అన్నీ మ్యాగ్నిఫికేషన్ 1 ఇచ్చేవే. 'మాక్రో అంటే పురుగులకి, పువ్వులకి కదా' అనుకోకండి. టామ్రాన్ 1979లో తెచ్చిన 90 ఎంఎం ఎఫ్/2.5 లెన్స్‌ని పోర్ట్రెయిట్ మాక్రో అనే పేరుతోనే అమ్మింది. ఆ రెండు పనులూ ఒక లెన్స్‌తో చేయడం పాత అలవాటే.

లోటు లేదా అంటే ఉంది. మసక వెలుతురు కల్యాణ మండపంలో ఎఫ్/1.8 లెన్స్, ఎఫ్/2.8 కంటే రెండు రెట్లకు పైగా వెలుతురు తీసుకుంటుంది. వెనకున్న సీరియల్ బల్బులు కరిగిపోయినట్టు రావడంలోనూ దానిదే పైచేయి. మాక్రోలో ఫోకస్ ఆ చివర నుంచి ఈ చివరకి వెతుక్కుంటూ ఆలస్యం చేస్తుంది. లెన్స్ మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంటే మొహాలు తీసేటప్పుడు దూరం వైపు పెట్టుకోండి, వేగం తెలుస్తుంది.

రెండోది, మధ్యే మార్గం. కానన్ 2020లో తెచ్చిన ఆర్ఎఫ్ 85 ఎంఎం ఎఫ్/2 మాక్రో ఐఎస్ ఎస్‌టీఎం 35 సెంటీమీటర్ల వరకు వస్తుంది, మ్యాగ్నిఫికేషన్ 0.5. వెలుతురుకి ఎఫ్/2 ఉంది, జుంకీలకి సగం మాక్రో ఉంది. ఫోకస్ వేగంలో మాత్రం పరుగు పందెం గెలవదు. కానన్ మిర్రర్‌లెస్ వాడేవాళ్లు ముందు దీన్నే చూడాలి.

మూడోది, ఉన్న 85నే దగ్గరకి లాగడం. లెన్స్‌కీ బాడీకీ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ పెడతాం. దానిలో గాజు ఉండదు, ఖాళీ గొట్టమే. ట్యూబ్ పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే అదనంగా వచ్చే మ్యాగ్నిఫికేషన్ సుమారుగా తెలుస్తుంది. 85కి 12 ఎంఎం ట్యూబ్ పెడితే 0.14 కలుస్తుంది, మొత్తం 0.27. అంటే 28 సెంటీమీటర్లు కాస్తా 13కి దిగుతుంది. అసలు లెన్స్ ఎక్కడ ఆగిపోయిందో, ట్యూబ్ పెట్టిన లెన్స్ దాదాపు అక్కడ మొదలవుతుంది. కానీ ట్యూబ్ ఉన్నంతసేపూ దూరం ఫోకస్ అవ్వదు. తాళి కట్టే సమయంలో ట్యూబ్ విప్పుతూ కూర్చుంటే ఏమవుతుందో ఊహించుకోండి! తీరిగ్గా కూర్చుని తీసే పొందూరు లాంటి చోట్లకి ఇది బంగారం. కొంటే ఎలక్ట్రికల్ కాంటాక్టులు ఉన్నవే కొనండి, ఆటోఫోకస్ పనిచేస్తుంది. ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లూ ఉన్నాయి, కానీ చవక రకం ఒంటి గాజువి అంచుల్ని మెత్తగా చేసేస్తాయి.

ఏ దారైనా ఒకటి గుర్తుపెట్టుకోండి. దగ్గరకెళ్లేకొద్దీ ఫోకస్‌లో ఉండే మందం తగ్గిపోతుంది. ఫుల్ ఫ్రేమ్‌లో 0.5 మ్యాగ్నిఫికేషన్‌తో ఎఫ్/4లో తీస్తే స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరున్నర మాత్రమే. ఎఫ్/8కి వెళ్తే మూడు మిల్లీమీటర్లు. కాబట్టి ఎఫ్/1.4 కోసం పెట్టే అదనపు డబ్బు చేతుల ఫొటోల్లో అక్కరకి రాదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి వెలుతురు సంపాదించుకోవడమే మేలు.

ఫోనే ఉందంటారా?

ఫోన్‌లోనూ ఇదే గొడవ. 3x నొక్కి దగ్గరకెళ్తే, టెలీ లెన్స్ ఫోకస్ పట్టలేక ఫోన్ చడీచప్పుడు లేకుండా మెయిన్ కెమెరాకి మారిపోయి, ఆ బొమ్మనే కత్తిరించి చూపిస్తుంది. తెలుసుకోవడం తేలిక. టెలీ లెన్స్‌ని వేలితో మూయండి. తెర మీద బొమ్మ ఇంకా కనిపిస్తుంటే అది టెలీ కాదన్నమాట.

చాలా ఫోన్లలో మాక్రో మోడ్ అల్ట్రావైడ్ లెన్స్‌తో నడుస్తుంది. ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ పడుతుంది. అయితే అంత దగ్గర ఫోన్ నీడ పడుతుంది, వేళ్లు వంకరగా సాగుతాయి. 2023 నాటి షావోమీ 13 ప్రో లాంటి కొన్నింటిలో టెలీ లెన్సే 10 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెళ్లతో పాటు దీన్నీ అడగండి.

నేనైతే...

నెలకి నాలుగు పెళ్లిళ్లు తీసేవాళ్లయితే 85 ఎఫ్/1.8 ఉంచుకుని, పాత 100 ఎంఎం మాక్రో సెకండ్ హ్యాండ్‌లో వెతకమంటాను. ఒక్క లెన్స్‌కే డబ్బుందంటే, వీణలు, నేత, నగలు తీయాలనే మనసుంటే, మాక్రోనే ముందు. మొహాలకి అది బాగానే సరిపోతుంది, 85 ఎఫ్/1.8 మాత్రం మెట్టెల దాకా రాదు. చేతిలో క్రాప్ బాడీ, 50 ఎంఎం ఉంటే, ఈ సీజన్‌కి ఒక ట్యూబ్ చాలు.

డబ్బు కట్టేముందు మీ ఫొటోగ్రాఫర్ దోస్తుల దగ్గర లెన్స్ ఒక పూట అడగండి, లేదా విశాఖలో అద్దెకి తెచ్చుకోండి. ఇంట్లో అమ్మని కూర్చోబెట్టి మూడు ఫొటోలు తీయండి: ఒకటి మొహం, ఒకటి పని చేస్తున్న రెండు చేతులు, ఒకటి వేలికున్న ఉంగరం. మూడూ ఫోకస్‌లో పడితే తీసుకోండి. మూడోది పడకపోతే, అది మీకు నిజంగా కావాలా వద్దా అన్నది అమ్మ ఉంగరం చూసి మీరే తేల్చుకోండి.