సూర్యుడు తరుగడు, బావి నీరు తరుగును



మెట్ట గ్రామములకు పోయినప్పుడెల్ల రైతులు నన్ను అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, ఎండతోనే మోటారు తిరుగుతుందట గదా! ఎండకు ఖరీదు లేదు, తరుగూ లేదు. ఇక పొద్దస్తమానం నీళ్లు తోడుకుంటే మాకేం నష్టం?" అని. ప్రశ్న సబబైనదే. సమాధానము చెప్పుటకు ముందు, నీరు తోడు శక్తి ఎచ్చటి నుండి వచ్చుచున్నదో చూడవలెను.

శక్తి వనరులు రెండు విధములు. బొగ్గు, డీజిలు గాదెలోని పాత ధాన్యము వంటివి. తీసిన కొలది తరుగునే గాని పెరుగవు. ఎండ, గాలి, పారు నీరు, పశువుల బలము ఏటేట ఇంటికి వచ్చు పంట వంటివి. నేడు వాడుకొన్నను రేపు మరల వచ్చును.

మన తాతల నాటి మోట ఈ రెండవ విధమునకు చెందినది. ఎద్దు తిన్నది ఆ పొలములోని చొప్పయే. పిమ్మట ఆయిలు ఇంజను వచ్చినది. 5 అశ్వశక్తి ఇంజను గంటకు లీటరుకు పైగా డీజిలు త్రాగును. ఆ డీజిలునకు మూలమగు ముడి నూనెలో నూటికి 80 పాళ్లకు పైగా మన దేశము విదేశముల నుండి కొనుచున్నది.

ఆ తరువాత విద్యుత్తు మోటారు వచ్చినది. తీగలో వచ్చు కరెంటుకు పొగ లేదు గనుక దాని ఖర్చు మన కంటబడదు. 5 అశ్వశక్తి మోటారు 7 గంటలు నడచుటకు సుమారు 26 యూనిట్లు కావలెను. బొగ్గుతో ఒక యూనిటు తయారగుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును. అనగా ఒక్క మోటారు ఒక్కనాటి పనికి, ఆ కరెంటు బొగ్గు నుండి వచ్చినదైనచో, రామగుండములోనో కొత్తగూడెములోనో దాదాపు 18 కిలోల బొగ్గు బూడిద యగుచున్నది. సింగరేణి ప్రాంతమున 1889 నుండి బొగ్గు త్రవ్వుచున్నారు. త్రవ్విన గని మరల నిండలేదు.

కావున సౌర పంపు మేలైనదని నేను నిస్సందేహముగా చెప్పుదును. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రవేశపెట్టిన కుసుమ్ పథకమున, 7.5 అశ్వశక్తి వరకు గల సౌర పంపుల ఖర్చులో నూటికి 30 వంతులు కేంద్రము, 30 వంతులు రాష్ట్రము భరించి, తక్కిన 40 వంతులు రైతు పెట్టుకొనునట్లు ఏర్పాటు చేసిరి. సౌర ఫలకములు సుమారు 25 ఏండ్లు పనిచేయును. పగటిపూటనే నీరు పారును. కరెంటు కొరకు అర్ధరాత్రి పాముల నడుమ పొలమునకు పోవు బాధ తప్పును.

అయితే ఇచ్చట ఒక పొరపాటు జరుగుచున్నది. సూర్యుడు తరుగడు గనుక ఆ సూర్యునితో తోడిన నీరు కూడ తరుగదని మనము అనుకొనుచున్నాము. రాయలసీమలోను, తెలంగాణలోను చాల భాగము నేల అడుగున గట్టి రాయి కలదు. ఆ రాతి పై పొరలోను, పగుళ్లలోను నిలిచిన నీరే మన బోర్లకు ఆధారము. వాన ఎంత ఇంకునో అంతయే మన రాబడి. అంతకు మించి తోడినచో గాదె అడుగు ఊడ్చుటయే. అప్పుడు బోరు మీద బోరు, అప్పు మీద అప్పు.

లెక్క చూడుడు. ఎకరము మీద ఒక సెంటీమీటరు లోతు నీరనగా సుమారు 40 వేల లీటర్లు. వరికి సుమారు 120 సెంటీమీటర్లు కావలెను. అనగా ఎకరమునకు 48 లక్షల లీటర్లు. వేరుసెనగకు సుమారు 50 సెంటీమీటర్లు చాలును. ఒక ఎకరము వరి నీటితో రెండెకరములకు పైగా వేరుసెనగ పండును.

మోట నాడు ఎద్దు అలసిన నీరు ఆగెడిది. ఆ వేళకు బావి ఊరెడిది. డీజిలు నాడు జేబు చూచుకొని ఇంజను ఆపెడివారము. 2004లో వచ్చిన ఉచిత విద్యుత్తు రైతుకు మేలే చేసినది గాని, ఆ అదుపు సడలినది. సౌర పంపుతో అది బొత్తిగా పోవును. కళ్లెము ఇక మన చేతనే ఉండవలెను.

"మా డబ్బు పెట్టి కొన్న పంపును ఆపమనుట న్యాయమా?" అని మీరు అడుగవచ్చును. పంపు మీదే, నేల క్రింది నీరు మాత్రము ఊరందరిది. పైగా ఆపుటవలన నష్టమే రానక్కరలేదు. గుజరాతు రాష్ట్రము ఖేడా జిల్లాలోని ఢుండీ గ్రామ రైతులు సహకార సంఘముగా ఏర్పడి, 2016 నుండి తమ సౌర పంపులలో మిగిలిన కరెంటును విద్యుత్ సంస్థకు అమ్మిరి. తోడని నీటికి కూడ వారికి రాబడి వచ్చినది. ఇట్టి ఏర్పాటు మన గ్రామములలో కూడ రావలెనని నా అభిప్రాయము.

అంతవరకు చేయదగినవి కలవు. బోరు క్రింద దాళవా వరి మాని ఆరుతడి పంటలు వేయుడు. సౌర పంపుతోపాటే బిందు సేద్యము అమర్చుకొనుడు. బోరు ప్రక్కన ఇంకుడు గుంట త్రవ్వుడు. గ్రామ ఉద్యోగులకు కూడ నా మనవి: 2002 నాటి వాల్టా చట్టము క్రింద బావుల నమోదును కాగితములకే పరిమితము చేయక, నీరు అడుగంటిన ఊళ్లలో బిందు సేద్యము లేని సౌర పంపునకు సిఫారసు చేయకుడు.

ఎండ మనకు ప్రతి ఉదయము అడుగకయే వచ్చును. నీరు వాన కురిసిననే వచ్చును, అదియు మనము నేలలోకి ఇంకనిచ్చినంతయే వచ్చును. ఈ భేదము గుర్తెరిగి పంపు మీట నొక్కుడు.