పూల లెక్కలో ఆమె పేరేదీ?

నగరాల పార్కుల్లో సీతాకోకచిలుకల్ని, తేనెటీగల్ని, మొక్కల్ని సామాన్య ప్రజలే లెక్కపెట్టే సర్వేలు ఈ మధ్య పెరుగుతున్నాయి. శాస్త్రవేత్తలు పద్ధతి చెబుతారు, జనం లెక్క రాస్తారు. బ్రిటన్‌లో 2017లో మొదలైన ఇలాంటి కార్యక్రమంలో చేయాల్సింది చాలా తేలిక. అర మీటరు చదరంలో ఉన్న పూల ముందు పది నిమిషాలు కూర్చుని, ఎన్ని పురుగులు వాలాయో రాసుకోవాలి. మన దేశంలోనూ 2020 నుంచి సెప్టెంబరు నెలను సీతాకోకచిలుకల లెక్కకు కేటాయిస్తున్నారు. హైదరాబాద్‌లో నేనూ కొన్ని సర్వేలకు వెళ్లాను.

ఇది తీరిక ఉన్నవాళ్ల సరదా అని స్త్రీల సంఘాలు పక్కన పెట్టడానికి వీల్లేదు. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ఎంతో కొంత ఈ పురుగుల మీద, పుప్పొడి మోసే ఇతర జీవుల మీద ఆధారపడతాయని 2016లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల నివేదిక తేల్చింది. సొర, బీర, గుమ్మడి కాయాలంటే పురుగు వాలాల్సిందే. పైగా లెక్క అంటే సాక్ష్యం. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల కోసం గొడవ జరిగినప్పుడు, విద్యార్థులు, ప్రకృతి పరిశీలకులు నమోదు చేసిన పక్షుల, మొక్కల జాబితాలు అక్కడున్నది ఉత్త బంజరు కాదని చూపించాయి. ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది.

అయితే ఈ లెక్క ఎవరిది? ఫోను పట్టుకున్న మేము సర్వే చేస్తుంటే, నాలుగడుగుల దూరంలో ఒక కాంట్రాక్టు కార్మికురాలు గడ్డిచామంతి పీకుతూ ఉంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. ఒక పార్కులో సీతాకోకచిలుకలు బాగా తగ్గాయేమిటని నేను ఒకామెను అడిగాను. "పోయిన నెల జిల్లేళ్లన్నీ కొట్టేయమన్నరు మేడం. మిగిలినదానికి గడ్డిమందు కొట్టించిన్రు. ఇంక అవి యాడికెల్లి వస్తయి?" అంది.

జిల్లేడు ఆకు తిని పెరిగిన గొంగళిపురుగే నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. మా కాగితం మీద రెండు అని అంకె ఉంది. రెండే ఎందుకన్న జవాబు ఆమె దగ్గరుంది. ఏ రోజు ఏ మందు కొట్టారో, ఎవరు కొట్టమన్నారో ఆమెకు తెలుసు. పూలను మాడ్చే ఆ మందు ముందుగా పడేది గ్లౌజుల్లేని ఆమె చేతుల మీదే. అంటే తేనెటీగ బతుకు, ఆమె ఆరోగ్యం వేర్వేరు సమస్యలు కావు.

ఆడవాళ్లకు ప్రకృతి గురించి పుట్టుకతోనే తెలుసని నేను అనడం లేదు. ఆ మాటతో మనల్ని పొగిడి, జీతం లేని చాకిరీకి పంపడం పాత అలవాటే. వీళ్లకు తెలిసింది పని వల్ల తెలిసింది. బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరడం దగ్గర్నుంచి రోజూ పాదులు తవ్వడం దాకా చేసిన శ్రమ అది. శ్రమకు కూలి ఉండాలి, తెలిసినదానికి గుర్తింపు ఉండాలి.

చట్టం కూడా మనకు ఆధారంగా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం నగరపాలక సంస్థలు సైతం జీవవైవిధ్య యాజమాన్య కమిటీ వేయాలి, స్థానికులతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఆ కమిటీలో మూడో వంతుకు తగ్గకుండా స్త్రీలుండాలని 2004 నియమాలు చెప్పాయి. పార్కుల్లో పనిచేసే స్త్రీలు ఆ కమిటీల్లో ఎంతమంది ఉన్నారో మనం సమాచార హక్కు కింద అడగాలి.

సర్వేలు జరిపేవాళ్లను కూడా కొన్ని అడుగుదాం. పార్కు కార్మికురాలిని పనివేళల్లోనే, కూలి కోత లేకుండా సర్వేలో చేర్చాలి. శాస్త్రీయ నామం పక్కన ఆమె పిలిచే పేరు రాయాలి. ఫలితాల్ని తెలుగులో పార్కు గేటు దగ్గర పెట్టాలి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించాలి.

సర్వే కాగితంలో పురుగు పేరుకు, పువ్వు పేరుకు, వేళకు గడులున్నాయి. ఏ మందు ఎప్పుడు కొట్టారు, ఎవరి చేత కొట్టించారు అనే గడులు కూడా చేర్చాలి.