పట్టాలు చేసే ఊరు అడుగుతున్న లెక్క

ఈ దేశంలో రైలు ఎక్కిన ప్రతి మనిషీ ఎక్కడో ఒకచోట భిలాయి కార్మికుని చేతిపని మీదుగా ప్రయాణించినవాడే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మించబడిన ఈ ఉక్కు కర్మాగారం 1959లో తొలి కొలిమిని వెలిగించినది. 1960 నుండి రైల్వేలకు పట్టాలు అందిస్తున్నది. నేడు 130 మీటర్ల పొడవైన పట్టాను అతుకు లేకుండా ఒక్క ముక్కగా ఇక్కడ తయారు చేస్తున్నారు. దేశమంతటికీ పట్టాలు పంపిన ఈ ఊరికి తన గనులను, తన పొరుగు ప్రజలను కలుపుకొనే ఒక్క రైలు మార్గం కోసం దశాబ్దాలు ఎదురుచూడవలసి వచ్చినది. ఈ ఆలస్యం కంటే ఆందోళన కలిగించే విషయం మరొకటి ఉన్నది. ఈ ఆలస్యాన్ని మొదటి నుండి చివరి వరకు ఒకే పుస్తకంలో రాసి ప్రజల ముందు పెట్టిన వారు లేరు.

మేము చెబుతున్నది దల్లీ రాజ్‌హరా నుండి రావ్‌ఘాట్ మీదుగా జగదల్‌పూర్ చేరవలసిన మార్గం గురించి. దీని మొత్తం పొడవు 235 కిలోమీటర్లు. రావ్‌ఘాట్ వరకు 95 కిలోమీటర్లు మొదటి దశ. అక్కడి నుండి జగదల్‌పూర్ వరకు 140 కిలోమీటర్లు రెండవ దశ. 2007 డిసెంబరులో రైల్వే శాఖ, సెయిల్, ఎన్‌ఎండీసీ, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీనిపై అవగాహన ఒప్పందం చేసుకున్నవి. అవసరం రెండు విధాలుగా ఉన్నది. మొదటినుండి భిలాయి కొలిమిని పోషించిన రాజ్‌హరా కొండలలో ఖనిజం తరిగిపోతున్నది. రావ్‌ఘాట్ ఖనిజం రాకపోతే కర్మాగారపు భవిష్యత్తుకు భరోసా లేదు. రెండవది, జగదల్‌పూర్ మనిషి తన రాష్ట్ర రాజధాని రాయపూర్‌కు రైలులో రావాలంటే ఒడిశా మీదుగా చుట్టి రావలసిందే.

ఇప్పుడు జరిగిన పనిని చూద్దాం. ప్రయాణికుల బండి మొదట గుదుం వరకు, 2018 ఏప్రిల్‌లో భానుప్రతాప్‌పూర్ వరకు, 2022 ఆగస్టులో అంతాగఢ్ వరకు, 2023 అక్టోబరు 3న తరోకీ వరకు చేరినది. ఒప్పందం నాటి నుండి తరోకీ చేరేనాటికి దాదాపు పదహారు సంవత్సరాలు గడిచినవి. ఆ కాలంలో ప్రయాణికునికి అందినది సుమారు 77 కిలోమీటర్లు. అనగా ఏడాదికి ఐదు కిలోమీటర్లు కూడా కాదు. రైలు ఇంకా చేరని మేర రావ్‌ఘాట్ ఖనిజం అంతాగఢ్ వరకు లారీలలో వచ్చి అక్కడ బండి ఎక్కవలసి వచ్చినది. ఆ లారీల దుమ్ము దారి పొడవునా పల్లెల మీద పడినది.

ఈ ఆలస్యానికి కారణాలు లేవని మేము అనము. అడవి అనుమతులు అవసరమైనవి. భూసేకరణ జరగవలసి వచ్చినది. మావోయిస్టుల దాడులలో యంత్రాలు తగులబడినవి; పనికి కాపలా కాసిన జవానులు ప్రాణాలు కోల్పోయినారు. మన్ను మోసిన కూలీలు భయం మధ్యనే పనిచేసినారు. అయితే అడవి ఉన్నదనీ, అశాంతి ఉన్నదనీ 2007లో సంతకం చేసిన నలుగురికీ తెలియని సంగతి కాదు. తెలిసిన కష్టాన్ని లెక్కలోకి తీసుకొని తేదీ చెప్పడం ఒక పద్ధతి. సులువైన తేదీ చెప్పి, పిదప తెలిసిన కష్టాన్నే సాకుగా చూపడం మరొక పద్ధతి. మన ప్రభుత్వ శాఖలు తరచుగా రెండవ పద్ధతినే అనుసరిస్తున్నవి.

రెండవ దశ కథ ఇంకా గమనించదగినది. 2007 ఒప్పందంలో ఉన్న ఆ 140 కిలోమీటర్ల కోసం 2016లో ఎన్‌ఎండీసీ, ఇర్కాన్, సెయిల్, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ భాగస్వాములుగా బస్తర్ రైల్వే ప్రైవేట్ లిమిటెడ్ అనే కంపెనీ ఏర్పడినది. 2025 మే నెలలో ఇదే మార్గానికి సుమారు 3,513 కోట్ల రూపాయల వ్యయంతో, పూర్తిగా కేంద్రం ఖర్చుతో, రైల్వే శాఖ మంజూరు ప్రకటించినది. ఆ ప్రకటనను మేము స్వాగతిస్తున్నాము. కాని ఒకే బిడ్డకు మూడుసార్లు బారసాల చేసినట్లు ఉన్నది ఈ వ్యవహారం. ప్రతిసారీ పుట్టిన తేదీ మారిపోతున్నది. రేపు ఎవరైనా ఈ మార్గం ఎంత ఆలస్యమైనదని అడిగితే, 2025 నుండి లెక్కించి చెప్పే అవకాశం అధికారికి కలిగినది. ఆ కిందటి పద్దెనిమిది సంవత్సరాలు ఎవరి ఖాతాలోనూ పడవు.

ప్రభుత్వానికి పర్యవేక్షణ యంత్రాంగం లేదా అంటే, కావలసినంత ఉన్నది. 150 కోట్ల రూపాయలు, అంతకు మించిన కేంద్ర పథకాల ప్రగతిని గణాంకాలు, కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖ నెలనెలా పరిశీలిస్తున్నది. రైల్వే బడ్జెట్టు పత్రాలలో పింక్ బుక్ అని పిలిచే పుస్తకంలో ఏ మార్గానికి ఆ ఏడాది ఎంత కేటాయించినదీ అచ్చవుతున్నది. 2015 నుండి ప్రధానమంత్రి స్వయంగా ప్రగతి అనే వేదికపై పథకాలను సమీక్షిస్తున్నారు. నివేదికలకు కొరత లేదు. కొరత ఉన్నది కొలబద్దలో.

ఈ నివేదికలలో తరచుగా కనిపించేవి రెండు అంకెలు: ఎంత డబ్బు ఖర్చయినది, నూటికి ఎంత పని జరిగినది. మట్టికట్ట వేయడం, వంతెన కట్టడం, కంకర పరచడం, పట్టా బిగించడం, సిగ్నళ్ళు అమర్చడం, రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి అనుమతించడం అనే ఈ మెట్లన్నీ ఎక్కితే తప్ప ప్రయాణికుల బండి కదలదు. నూటికి ఎనభై వంతులు పూర్తి అన్న మాట కాగితం మీద బరువుగానే ఉంటుంది. కాని ఒక్క పెద్ద వంతెన మిగిలిపోతే, ఆ ఎనభై వంతుల మీద ఒక్క ప్రయాణికుడు కూడా పోలేడు. కార్మికునికి తెలిసిన న్యాయం ఇది: సగం పోత పోసిన ఉక్కును ఎవరూ ఉక్కు అనరు.

పైకి కనిపించే పని ముందు జరగడం, అసలు పని వెనకబడడం మనకు అలవాటైపోయినది. 2025 మే 22న అమృత్ భారత్ పథకం కింద దేశంలో 103 స్టేషన్లను ఒకేరోజు ప్రారంభించినారు. వాటిలో భిలాయి ఉన్నది. ఈ మార్గంలోనిదైన భానుప్రతాప్‌పూర్ కూడా ఉన్నది. స్టేషను బాగుపడితే ఎవరికి అభ్యంతరం? కాని ఒక్క మార్గంలో స్టేషనుకు కొత్త ముఖద్వారం అమరిన నాటికి, ఆ మార్గం చేరవలసిన చివరి ఊరికి ఇంకా అప్పుడే మంజూరు వచ్చినది. ముఖద్వారం ముందా, దారి ముందా అన్న ప్రశ్న అడగడం మన హక్కు.

ఈ సందర్భంలో మన తెలుగువారికి బాగా తెలిసిన మరొక మార్గాన్ని తలచుకొనక తప్పదు. కొత్తవలస నుండి అరకు మీదుగా కిరండూల్ వరకు సుమారు 446 కిలోమీటర్ల మార్గం అదే బస్తర్‌లోకి పోతున్నది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు ద్వారా జపానుకు పంపేందుకు 1960లలో దానిని వేసినారు. తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలు తవ్వి, ఆ దశాబ్దం ముగియక ముందే సరుకు బండ్లు నడిపినారు. నాటి యంత్రాలు నేటివాటికి సాటిరావు. అయినా పని జరిగినది. ఎందుకంటే కొనుగోలుదారు తేదీ అడిగినాడు. ఆ మార్గంలో నేటికీ ఖనిజం బండ్లదే రాజ్యం. ప్రయాణికుల బండ్లు వేళ్ళమీద లెక్కించదగినవే. దీని నుండి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. తేదీ అడిగేవాడు ఉంటే కొండ కూడా దారి ఇస్తుంది. ప్రయాణికుడు అడగకపోతే పట్టా ఉన్నా బండి రాదు.

ఊరి లోపలి రవాణాను చూసినా ఇదే పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఆర్టీసీ బస్సు ఒక అలవాటు. ఛత్తీస్‌గఢ్‌కు అటువంటి ప్రభుత్వ బస్సు సంస్థ లేదు. 2023 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో ఛత్తీస్‌గఢ్‌లోని నాలుగు నగరాలకు 240 విద్యుత్ బస్సులు మంజూరైనవి. వాటిలో దుర్గ్-భిలాయికి 50. ఈ పథకాన్ని మంజూరైన బస్సుల సంఖ్యతో కొలవకూడదు. రాత్రి పది గంటలకు షిఫ్టు దిగిన కాంట్రాక్టు కార్మికుడు ఖుర్సీపార్‌కో, చరోదాకో, జామూల్‌కో పోవడానికి బస్సు ఉన్నదా? తెల్లవారుజామున ఆరు గంటల షిఫ్టుకు ముందే అది గేటు చేరుతున్నదా? ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మ రాత్రి డ్యూటీ ముగించి భయం లేకుండా ఇల్లు చేరుతున్నదా? ఇవి ఏ నెలవారీ నివేదికలోనూ కనిపించని కొలతలు. ఇవి కొలవగలిగినవారు ఆ బస్సు కోసం నిలబడినవారే.

ఇది ఒక్క ఛత్తీస్‌గఢ్ జాడ్యం కాదు. కోనసీమను రైలుతో కలపవలసిన కోటిపల్లి-నరసాపురం మార్గం 57 కిలోమీటర్లు మాత్రమే, 2000-01లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వశిష్ట పాయల మీద వంతెనలు కట్టవలసి ఉన్నమాట నిజమే. కాని రాష్ట్రం తన వాటా ఇవ్వలేదని కేంద్రం, కేంద్రం కదలడం లేదని రాష్ట్రం చెప్పుకుంటూ ఉండగా ఒక తరం పిల్లలు పెద్దవారై ఉద్యోగాలకు వలసపోయినారు. పదిమంది సంతకం చేసిన పనికి ఒక్కరూ జవాబుదారీ కారు. రావ్‌ఘాట్ చెప్పేదీ ఇదే, కోనసీమ చెప్పేదీ ఇదే.

కనుక మేము సూచించేది కొత్త కమిటీని కాదు. మన శాఖలు తమ ప్రాంతంలోని ప్రతి ప్రజారవాణా పథకానికి ఒక లెక్కపుస్తకం తెరవాలి. అందులో ఐదు విషయాలు చాలు. ఒకటి, మొట్టమొదట మాట ఇచ్చిన తేదీ. తరువాత ఎన్ని మంజూరులు వచ్చినా ఆ తేదీని మార్చరాదు. రెండు, ఆ ఏడాది కేటాయించిన సొమ్ము, నిజంగా ఖర్చయిన సొమ్ము. మూడు, భద్రతా అనుమతి పొంది ప్రయాణికునికి తెరిచిన కిలోమీటర్లు, నడుస్తున్న బండ్ల సంఖ్య, వాటి వేళలు. నాలుగు, పని చేసిన కూలీలకు చట్టప్రకారం వేతనం, భవిష్యనిధి, ప్రమాదంలో పరిహారం అందినవా అన్నది. ఐదు, భూమి ఇచ్చిన కుటుంబాలకు ఇచ్చిన మాట ఎంతవరకు నిలిచినదన్నది. గ్రామసభలు చెప్పిన అభ్యంతరానికి ఏ జవాబు వచ్చినదన్నది.

ఈ ఐదవ విషయాన్ని చివరి నిమిషంలో కలిపినది కాదు. రావ్‌ఘాట్ కొండను నమ్ముకొని బ్రతికే ఆదివాసీ గ్రామాలకు గని అంటే భయం ఉన్నది. భిలాయి కార్మికుని ఉద్యోగానికీ, ఆ గ్రామాల బ్రతుకుకూ పోటీ పెట్టి ఒకరిని మరొకరిపై ఉసిగొల్పడం పాలకులకు సులభం. త్వరగా కట్టమని అడిగే నోటితోనే న్యాయంగా కట్టమని కూడా మనం అడగాలి. ఖనిజం ఒక్కటే దిగి, ఆ ఊరి మనిషి ఎక్కలేని రైలును మనం ప్రగతి అని ఒప్పుకోలేము.

సమాచార హక్కు చట్టం 2005 నుండి మన చేతిలో ఉన్నది. పింక్ బుక్ అచ్చవుతూనే ఉన్నది. పార్లమెంటులో మన నియోజకవర్గపు సభ్యుడు ప్రశ్న వేయగలడు. వేయకపోతే ఎందుకు వేయలేదని మనం అడగగలము. ఏడాదికి రెండుసార్లు ఈ లెక్కను స్టేషను బయట, కర్మాగారం గేటు ముందు, గనుల వద్ద బోర్డు మీద రాసి పెడితే చాలు. శంకుస్థాపనకు వచ్చిన ప్రతి అతిథీ దండ వేయించుకొనే ముందు ఆ బోర్డు చదువుతాడు.

భిలాయి కార్మికుడు పట్టాను పంపేముందు దాని పొడవు, బరువు, నాణ్యత కొలిచి ముద్ర వేస్తాడు. కొలవని పట్టా ఈ గేటు దాటదు. తాను చేసిన పట్టా మీద బండి ఎప్పుడు నడుస్తుందో అడిగి, వచ్చిన జవాబును కూడా అదే శ్రద్ధతో కొలవడం అతనికి కొత్త పని కాదు.